వేళ్లు మాట వినకపోయినా ఇంట్లోనే విమానం నడపడం ఎలా

వేళ్ల కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు, పక్షవాతం తర్వాత ఒక్క చేత్తోనే పనులు చేసుకునేవాళ్లు, చేతులు వణికేవాళ్లు కంప్యూటర్‌లో విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్ గురించి అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: "మంచి జాయ్‌స్టిక్ కొనుక్కోండి." నేను మాత్రం కొనడం చివరికి పెట్టుకోమంటాను. ముందు చేయాల్సింది వేళ్ల మీద పడే పనిని తగ్గించడం. విమానం నడపడానికి చేతి బలం పెద్దగా అక్కర్లేదు. ఎప్పుడు ఎక్కాలి, ఎటు తిరగాలి, ఎంత వేగంతో దిగాలి అన్న నిర్ణయాలే అసలు పని. అవి మీవి. మిగతా నొక్కుళ్లు, తిప్పుళ్లు చాలావరకు పాదాలకో, గొంతుకో, సాఫ్ట్‌వేర్‌కో అప్పగించవచ్చు.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. కుడిచేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోవు, పొద్దున పూట అయితే అసలే కదలవు. అల్వాల్‌లో ఉండే మా బాబాయికి పక్షవాతం వచ్చాక కుడిచెయ్యి పైకి లేవదు. ఆయన అంతా ఎడమచేత్తోనే. మా ఇద్దరి ఇబ్బందులు వేరు, ఏర్పాట్లు వేరు. కానీ ఇద్దరం సాయంత్రాలు హైదరాబాద్ మీద హాయిగా ఎగురుతున్నాం. మాకు పనికొచ్చినవి వరుసగా రాస్తున్నాను.

మొదట మీ చేతిని గమనించండి

కంప్యూటర్ ఆన్ చేయకముందే టేబుల్ దగ్గర కూర్చుని చెయ్యి ఏం చేయగలదో చూసుకోండి. మణికట్టు నొప్పి లేకుండా ముందుకు, వెనక్కి, పక్కలకు ఎంత వంగుతోంది? తాళంచెవి తిప్పినట్టు మెలితిప్పితే ఎలా ఉంది? బొటనవేలు ఒక్కటీ విడిగా కదులుతుందా? అరచేతిని ఒక వస్తువు మీద ఆనించి నెట్టగలరా? పట్టు ఎంతసేపు నిలుస్తుంది? పాదాలు బాగా పనిచేస్తున్నాయా? మాట స్పష్టంగా వస్తుందా?

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి, రాయడం కష్టమైతే ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసుకోండి. మీకు తెలియకుండానే ఇక్కడ సగం నిర్ణయాలు అయిపోతాయి. మెలితిప్పితే నొప్పి అయితే, హ్యాండిల్ తిప్పి రడ్డర్ (విమానం ముక్కుని పక్కలకు తిప్పే తోక పలక) నడిపే జాయ్‌స్టిక్‌లో ఆ తిప్పుడు మీకు పనికిరాదు. అరచెయ్యి నెట్టగలిగి వేళ్లు పట్టలేకపోతే, స్టిక్ పైన బంతి లాంటిది పెట్టుకోవాలి. చేతులకంటే పాదాలు నయం అయితే పెడల్స్‌కి డబ్బు పెట్టడంలో అర్థం ఉంది.

రోజులో ఏ సమయం మీకు అనుకూలమో కూడా చూసుకోండి. ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకి పొద్దున బిగుతు ఎక్కువ. ఆ సమయంలో ఎగరడం పెట్టుకోకండి. మీకు ఫిజియోథెరపిస్ట్ గానీ ఆక్యుపేషనల్ థెరపిస్ట్ గానీ ఉంటే ఈ కాగితం వాళ్లకు చూపించి, "నేను ఇలా కూర్చుని ఇంతసేపు ఆడాలనుకుంటున్నాను, మణికట్టుకి ఏ కోణం మంచిది?" అని అడగండి. ఆటలాగా తీసుకుని నవ్వుతారేమో అని మొహమాటపడొద్దు. చేతికి రోజూ పని చెప్పే ఇలాంటి ఇష్టమైన వ్యాపకం అంటే వాళ్లు శ్రద్ధగానే వింటారు.

ఏ సిమ్యులేటర్?

ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే ఫ్లైట్‌గేర్. ఉచితం, విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో నడుస్తుంది. జాయ్‌స్టిక్ లేకుండా మౌస్‌తోనే నడపవచ్చు: ట్యాబ్ కీ నొక్కితే మౌస్ పని మారుతుంది, ఒక దశలో మౌస్ కదలికే విమానం స్టిక్ అవుతుంది. ఎక్స్‌ప్లేన్ 12కి ఉచిత డెమో ఉంది, మీ కంప్యూటర్ దాన్ని మోయగలదో లేదో డబ్బు కట్టకముందే తెలుస్తుంది. అందులోనూ మౌస్‌తో ఎగరవచ్చు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో వచ్చింది, తర్వాతది 2024లో. దృశ్యాలు కంటికి పండగే. మనలాంటివాళ్లకి అందులో దృశ్యాలకంటే విలువైనది సహాయాల మెనూ.

నా సలహా: మౌస్‌తో ఫ్లైట్‌గేర్‌లో కొన్నాళ్లు ఎగిరి, ఇష్టం నిలుస్తుందనిపిస్తే అప్పుడు మిగతావి చూడండి.

సహాయాలన్నీ ఆన్ చేయండి, తర్వాత ఒక్కొక్కటీ తీసేయండి

విమానాన్ని చేత్తో నడపాలంటే మూడు పనులు ఒకేసారి ఉంటాయి: స్టిక్, థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించేది), రడ్డర్. మూడిట్లో రడ్డర్‌ని మొదట వదిలించుకోండి. మైక్రోసాఫ్ట్‌లో ఆటో రడ్డర్ అని ఉంటుంది, ఫ్లైట్‌గేర్‌లో ఆటో కోఆర్డినేషన్. ఎక్స్‌ప్లేన్‌లో మీరు రడ్డర్‌కి ఏదీ కేటాయించకపోతే సిమ్యులేటరే చూసుకుంటుంది, నేల మీద ముందు చక్రం కూడా స్టిక్ పక్కకు వంచితే తిరుగుతుంది. ఇంధనం, గాలి పాళ్లు సరిచేసే మిక్స్చర్‌ని కూడా ఆటోమేటిక్‌లో పెట్టేయండి.

మైక్రోసాఫ్ట్‌లో రేడియో సంభాషణ మొత్తం కో-పైలట్‌కి అప్పగించవచ్చు. చెయ్యి మరీ నొప్పి పుడితే విమానాన్నే కాసేపు కో-పైలట్ చేతికిచ్చి మీరు కిటికీలోంచి చూస్తూ కూర్చోవచ్చు. దీన్ని మోసం అనుకునేవాళ్లున్నారు. అసలు విమానాల్లో ఇద్దరు పైలట్లు ఉండేదే పని పంచుకోవడానికి. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు రేడియో మాట్లాడతారు, చెక్‌లిస్ట్ చదువుతారు. మీరూ అదే చేస్తున్నారు.

ఇంజిన్ స్టార్ట్ చేయడం, పార్కింగ్ నుంచి రన్‌వే దాకా నేల మీద నడపడం (టాక్సీ) మొదట్లో వదిలేయండి. అన్ని సిమ్యులేటర్లలోనూ ఇంజిన్ నడుస్తూ రన్‌వే మీద సిద్ధంగా ఉన్న చోటు నుంచి మొదలుపెట్టే వీలుంది. పదుల కొద్దీ స్విచ్చులు నొక్కి అలిసిపోయాక ఎగరడానికి చేతిలో ఓపిక మిగలదు.

కూర్చునే తీరు

దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. చెయ్యి గాలిలో వేలాడుతూ ఉంటే భుజం, మోచెయ్యి, మణికట్టు అన్నీ కలిసి బరువు మోస్తాయి, వేళ్లకి మిగిలేది వణుకే. మోచేతి కింద ఆసరా ఉండాలి. మా ఇంట్లో పాత టవల్‌ని గట్టిగా చుట్టి, రెండు చివర్లా రబ్బరు బ్యాండ్లు వేసి టేబుల్ అంచున పెట్టాను. మోచెయ్యి దాని మీద ఉంటుంది, మణికట్టు నిటారుగా ఉంటుంది, కదిలేది మణికట్టు మాత్రమే.

స్టిక్ టేబుల్ మీద ఉంటే చాలామందికి భుజం పైకి లేస్తుంది. ఒళ్లో గానీ రెండు తొడల మధ్య గానీ చిన్న చెక్కపలక మీద పెట్టుకుంటే చెయ్యి కిందికి జారి విశ్రాంతిగా ఉంటుంది. స్టిక్ అడుగు జారకూడదు. అది జారితే మీరు తెలియకుండానే గట్టిగా పట్టుకుంటారు, పది నిమిషాల్లో వేళ్లు పట్టేస్తాయి. పలకకి వెల్క్రో అంటించండి, లేదా సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో చిన్న సీ-క్లాంప్ తెచ్చుకుని బిగించండి. బిగించే పని ఇంట్లో ఎవరికైనా చెప్పండి, ఒకసారి బిగిస్తే తీయాల్సిన పనిలేదు.

ఇప్పుడు కొనే సంగతి

పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లినా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, స్టిక్ ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి రెండే: ఏ చేతికి సరిపోతుంది, స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉంది. దుకాణంలో అయితే పెట్టె తెరిపించండి. స్టిక్‌ని సగం వరకు వంచి ఒక నిమిషం అలాగే పట్టి ఉంచండి. ఆ నిమిషంలో చెయ్యి నొప్పి అంటే ఇంటికొచ్చాక ఇంకా ఎక్కువ అంటుంది. వచ్చేయండి.

లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో కుడిచేతి ఆకారంలో చేసింది. ఎడమచేతివాళ్లకి అది ఇబ్బంది. థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎమ్ అయితే భాగాలు మార్చి ఎడమచేతికి అమర్చుకోవచ్చు, హ్యాండిల్ మెలితిరగకుండా లాక్ చేయవచ్చు, థ్రాటిల్ అడుగుభాగంలోనే చిన్న స్లైడర్‌గా ఉంటుంది. బాబాయి వాడేది అదే. ఒక్క చేత్తో స్టిక్ వదిలి స్లైడర్ జరిపి మళ్లీ స్టిక్ మీదికి రావాలి. కష్టమేమీ కాదు. ఎందుకో కింద ట్రిమ్ అనే భాగంలో చెబుతాను.

స్టిక్ పట్టు లావుగా ఉంటే వేళ్లు తక్కువ ముడుచుకోవాలి. స్పోర్ట్స్ షాపులో దొరికే క్రికెట్ బ్యాట్ రబ్బరు గ్రిప్‌ని తొడిగితే చాలు. ట్రిగ్గర్, బటన్లు ఉన్నచోట బ్లేడుతో కోసేయాలి. అసలు పట్టుకోవడమే కుదరనివాళ్లకి ఇంకో ఉపాయం: పిల్లలు ఆడుకునే మెత్తటి స్పాంజి బంతికి కన్నం చేసి స్టిక్ తల మీద గుచ్చండి. అరచెయ్యి దాని మీద బోర్లా పెట్టి నెట్టడమే, వేళ్లు చాచే ఉంటాయి. తలమీది బటన్లు మూసుకుపోతాయి, వాటి పని కింద చెప్పిన స్విచ్చులతో చేసుకోవచ్చు.

ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ గురించి తప్పక చెప్పాలి. 2018లో వచ్చింది. అరచేతితో కొట్టగలిగే రెండు పెద్ద బటన్లు, వెనకవైపు 3.5 మిల్లీమీటర్ల సాకెట్లు 19 ఉంటాయి. ఒక్కో సాకెట్‌కి ఒక్కో స్విచ్ తగిలించి, దాన్ని మోచేతి దగ్గర, మోకాలి దగ్గర, పాదం కింద, ఎక్కడ వీలైతే అక్కడ పెట్టుకోవచ్చు. విండోస్ కంప్యూటర్‌కీ పనిచేస్తుంది. బంధువులెవరైనా అమెరికా నుంచి వస్తుంటే తెమ్మనండి. దానికి తగిలించే స్విచ్చులు మాత్రం ఇక్కడే చేయించుకోవచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో పెద్ద పుష్ బటన్, మోనో జాక్, గజం వైరు కొంటే, టంకం పెట్టేవాళ్లు కాసేపట్లో అతికించి ఇస్తారు. లోపల ఉండేది నొక్కితే కలిసే, వదిలితే విడిపోయే మామూలు స్విచ్చే. దాన్ని అమర్చడానికి పెట్టెలాంటిది కావాలంటే 3డీ ప్రింటింగ్ చేసేవాళ్లు కూడా నగరంలో చాలామంది ఉన్నారు.

ఇంత అక్కర్లేదనుకుంటే కాలితో నొక్కే యూఎస్‌బీ ఫుట్ స్విచ్ ఒక్కటి చాలు. కీబోర్డులో ఏ కీ పని కావాలంటే ఆ పని దానికి ఇవ్వవచ్చు.

వణుకుని సెట్టింగ్స్‌లోనే ఆపండి

ఈ భాగాన్ని హడావిడిగా దాటేయకండి. సిమ్యులేటర్లో ప్రతి అక్షానికీ, అంటే స్టిక్ ముందు-వెనక, పక్కలకు కదిలే ఒక్కో దిశకీ, సెన్సిటివిటీ పేజీ ఉంటుంది. మైక్రోసాఫ్ట్‌లో దాని మీద నాలుగు ముఖ్యమైన స్లైడర్లు ఉంటాయి.

సెన్సిటివిటీని మైనస్ వైపు జరిపితే స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు చిన్న కదలికలకి విమానం దాదాపు స్పందించదు. డెడ్ జోన్ పెంచితే మధ్యలో కొంత మేర ఏమీ జరగదు, చెయ్యి ఆనించి ఉంచడం వల్ల వచ్చే చిన్న తోపుడు విమానానికి తెలియదు. రియాక్టివిటీ తగ్గిస్తే కదలిక నెమ్మదిగా, నునుపుగా చేరుతుంది. వణుకు ఉన్నవాళ్లకి ఇది వరం. నిమిషానికి ఎన్నోసార్లు అటూ ఇటూ పోయే కుదుపు కరిగిపోయి, మీరు కావాలని చేసిన నెమ్మది కదలిక మాత్రమే మిగులుతుంది. నాలుగోది ఎక్స్‌ట్రీమిటీ డెడ్ జోన్. మణికట్టు సగం వరకే వంగేవాళ్లు దీన్ని పెంచుకుంటే స్టిక్ చివరిదాకా వెళ్లకముందే విమానం పూర్తి స్పందన ఇస్తుంది.

ఒక్కసారి ఒక్క స్లైడరే మార్చండి. మార్చి, గాల్లో ఒక ఎడమ మలుపు, ఒక కుడి మలుపు తిరిగి చూడండి. నాలుగూ కలిపి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ఎక్స్‌ప్లేన్‌లో కూడా రెస్పాన్స్ కర్వ్‌లు ఉన్నాయి, వాటితోపాటు స్టెబిలిటీ ఆగ్మెంటేషన్ అనే స్లైడర్ ఉంది, దాన్ని కుడికి జరిపితే సిమ్యులేటర్ విమానాన్ని తనే కొంత నిలకడగా పట్టి ఉంచుతుంది.

కీబోర్డు

రెండు మూడు కీలు కలిపి నొక్కే పనులన్నిటినీ ఒక్క కీకి మార్చుకోండి. కంట్రోల్స్ మెనూలో పని పేరు వెతికి, మీకు అందే కీ ఇవ్వడమే. మీకు నిజంగా కావాల్సినవి కొన్నే: ట్రిమ్ పైకి, ట్రిమ్ కిందికి, ఫ్లాప్స్ (నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక దించే పలకలు) దించడం, ఎత్తడం, బ్రేక్, ఆటోపైలట్, పాజ్. వీటిలో పాజ్‌కి అన్నిటికంటే పెద్ద, సులువుగా అందే బటన్ ఇవ్వండి. చెయ్యి పట్టేసినప్పుడు ఆకాశంలో విమానం ఆపగలగడం ఇంట్లో ఎగిరేవాళ్లకి మాత్రమే ఉన్న అదృష్టం. టెన్షన్ పడకుండా చెయ్యి జాడించి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టండి.

విండోస్‌లో షిఫ్ట్ కీని ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ వస్తుంది, అప్పుడు కలిపి నొక్కాల్సిన కీలను ఒకదాని తర్వాత ఒకటి నొక్కవచ్చు. కుడివైపు షిఫ్ట్‌ని ఎనిమిది సెకన్లు పట్టి ఉంచితే ఫిల్టర్ కీస్ వస్తుంది, వణుకు వల్ల ఒకే కీ పదేపదే పడడాన్ని అది వదిలేస్తుంది.

ట్రిమ్: చేతికి నిజమైన విశ్రాంతి ఇక్కడే

చాలామంది కొత్తవాళ్లు విమానాన్ని స్టిక్‌తో బలవంతంగా పట్టి ఉంచుతారు. ముక్కు కిందికి పోతుంటే స్టిక్ వెనక్కి లాగి అలాగే ఉంచుతారు. బలమైన చేతులున్నవాళ్లకి కూడా అది అలసటే. మనకి అసలు కుదరదు. విమానాలు అలా నడపడానికి చేసినవి కావు. తోక భాగంలో ఉండే ట్రిమ్‌ని సరిచేస్తే, ఆ వేగానికి, ఆ ఎత్తుకి విమానం తనంతట తనే నిలబడుతుంది. మీరు చెయ్యి తీసేయవచ్చు.

సెస్నా 172 అనే చిన్న విమానంలో ఇలా చేసి చూడండి. సమంగా ఎగురుతూ ఇంజిన్‌ని 2,300 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) దగ్గర పెట్టండి, ఇక దాన్ని ముట్టుకోవద్దు. స్టిక్‌తో ముక్కుని హొరైజన్‌కి కొద్దిగా కింద నిలపండి. వేగం స్థిరపడేదాకా ఆగండి. ఇప్పుడు మీరు స్టిక్‌ని లాగుతున్నారా, నెడుతున్నారా గమనించండి. లాగుతుంటే ట్రిమ్‌ని ముక్కు పైకి వెళ్లే వైపు, నెడుతుంటే కిందికి వెళ్లే వైపు ఒక్కో నొక్కు చొప్పున ఇవ్వండి. మైక్రోసాఫ్ట్‌లో నంబర్ ప్యాడ్ మీద 1 పైకి, 7 కిందికి. ప్రతి నొక్కు తర్వాత స్టిక్‌ని కొద్దిగా వదలండి. పూర్తిగా వదిలినా ముక్కు కదలకపోతే ట్రిమ్ కుదిరినట్టే.

ఒక్కచేతివాళ్లకి ఇదే కీలకం. ట్రిమ్ కుదిరిన విమానం స్టిక్ వదిలేసినా నిలబడుతుంది కాబట్టి, అదే చేత్తో థ్రాటిల్ జరపవచ్చు, ఫ్లాప్స్ వేయవచ్చు, టీ కప్పు కూడా అందుకోవచ్చు. ట్రిమ్ బాగా పట్టుబడేదాకా వేరే ఏమీ నేర్చుకోవద్దు అని బాబాయికి గట్టిగా చెప్పాను. ఇప్పుడు ఆయన మలుపుల్లో కూడా చెయ్యి తేలిగ్గా ఆనించి ఉంచుతారు తప్ప పట్టుకోరు.

పెద్ద విమానం ఇష్టమైతే ఎయిర్‌బస్ ఏ320 ప్రయత్నించండి. చిన్న విమానంకంటే అది కష్టం అనుకుంటారు గానీ చేతికి అదే సుఖం. ఏ320లో స్టిక్‌ని వదిలేస్తే విమానం ఉన్న తీరులోనే నిలుస్తుంది, ట్రిమ్ కంప్యూటరే చూసుకుంటుంది. మామూలు మలుపు తిప్పి స్టిక్ వదిలేస్తే ఆ వంపులోనే తిరుగుతూ ఉంటుంది. థ్రాటిల్‌ని టేకాఫ్ తర్వాత క్లైంబ్ గాటులో పెట్టేస్తే, దిగేటప్పుడు "రిటార్డ్" (థ్రాటిల్ తగ్గించు) అని విమానం పిలిచేదాకా ముట్టుకోనక్కర్లేదు. పైగా అసలు విమానంలోనే కెప్టెన్ ఎడమచేత్తో, ఫస్ట్ ఆఫీసర్ కుడిచేత్తో స్టిక్ పడతారు. మీకు ఏ చెయ్యి నయమో ఆ సీట్లో కూర్చోండి. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌కి ఫ్లైబైవైర్ వాళ్ల ఏ32ఎన్ఎక్స్ ఉచితంగా దొరుకుతుంది.

హెలికాప్టర్లను మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. రెండు చేతులూ, రెండు కాళ్లూ ఒక్క క్షణం కూడా ఆగకుండా పనిచేయాలి.

ఆటోపైలట్, చూపు, గొంతు

ట్రిమ్ వచ్చాక ఆటోపైలట్ సులువు. మైక్రోసాఫ్ట్‌లో జెడ్ కీ నొక్కితే ఆన్ అవుతుంది. మొదట హెడింగ్ (దిశ), ఆల్టిట్యూడ్ (ఎత్తు) రెండే వాడండి. దిశ సూచించే గుర్తుని తిప్పితే విమానం అటు తిరుగుతుంది. కాక్‌పిట్‌లోని చిన్న చిన్న గుండీలను మౌస్‌తో తిప్పడం కష్టమైతే, యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో కాక్‌పిట్ ఇంటరాక్షన్‌ని లాక్‌కి, లెగసీకి మార్చి చూసి మీకు నప్పింది ఉంచుకోండి. లేదా హెడింగ్ పెంచడం, తగ్గించడం రెండు పెద్ద కీలకి ఇచ్చేయండి.

చుట్టూ చూడటానికి బొటనవేలితో స్టిక్ తల మీది హ్యాట్ స్విచ్ తిప్పడం నావల్ల కాలేదు. తల కదిలిస్తే దృశ్యం కదిలే ఏర్పాటు పెట్టుకున్నాను. ట్రాక్ఐఆర్, టోబీ లాంటివి డబ్బు పెట్టి కొనేవి. ఓపెన్‌ట్రాక్ ఉచితం, మామూలు వెబ్‌క్యామ్‌తో కూడా తల కదలికని పట్టుకుంటుంది. మెడ ఎక్కువ తిప్పనక్కర్లేకుండా కర్వ్ పెంచుకోండి, కొద్దిగా తల తిప్పితే పూర్తిగా పక్క కిటికీ కనిపించేలా. మెడనొప్పి ఉన్నవాళ్లు మాత్రం కీబోర్డు మీద ఎడమ, కుడి చూపులకి రెండు కీలు పెట్టుకోవడమే మంచిది.

గొంతుతో నడపడానికి విండోస్‌లో వాయిస్‌ఎటాక్ అనే ప్రోగ్రామ్ ఉంది. డబ్బు కట్టకముందు పరిమితమైన ఆదేశాలతో ప్రయత్నించి చూసే వీలుంది. "గేర్ డౌన్" అంటే జీ కీ నొక్కినట్టు, "ఫ్లాప్స్" అంటే ఫ్లాప్స్ కీ నొక్కినట్టు. ఇది విండోస్ మాట గుర్తింపు మీద నడుస్తుంది కాబట్టి ఆదేశాలు ఇంగ్లీషులో పెట్టుకోవాలి, భాషని ఇండియా ఇంగ్లీషుకి మార్చుకుంటే మన ఉచ్చారణ బాగా పట్టుకుంటుంది. ఒకేలా వినిపించే మాటలు పెట్టొద్దు. పక్షవాతం వల్ల మాట కొంచెం ముద్దగా వస్తుంటే ఒక్క అక్షరం మాటలకంటే రెండు మూడు అక్షరాలున్న మాటలు మేలు. సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే మైక్‌లో గాలి చప్పుడు వస్తుంది. నోటికి దగ్గరగా ఉండే హెడ్‌సెట్ వాడండి.

మొదటి విమానయానాలు

బేగంపేట నుంచి మొదలుపెట్టండి. సిమ్యులేటర్లో వెతకడానికి దాని ఐసీఏఓ (విమానాశ్రయాల అంతర్జాతీయ) కోడ్ వీఓహెచ్‌వై. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కి వెళ్లిపోయినా సిమ్యులేటర్లో ఆ రన్‌వే మీకోసం ఖాళీగా ఉంది. 3 కిలోమీటర్లు దాటిన పొడవు. సెస్నాకి అందులో నాలుగో వంతు కూడా అక్కర్లేదు, కాబట్టి ఆలస్యంగా నేల తాకినా కంగారు లేదు. ఒక విషయం గుర్తుంచుకోండి: ఇక్కడ నేల మీదే ఎత్తు 1,742 అడుగులు చూపిస్తుంది. మన నగరం దక్కను పీఠభూమి మీద ఉంది మరి.

వాతావరణం స్పష్టంగా, గాలి లేకుండా పెట్టుకోండి. రన్‌వే 27 (270 డిగ్రీల వైపు, అంటే పడమర చూసేది) నుంచి పడమరకి లేవండి. వేగం 55 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు) అయ్యాక స్టిక్‌ని నెమ్మదిగా వెనక్కి లాగండి, 75 దగ్గర ఎక్కుతూ ట్రిమ్ చేయండి. 2,750 అడుగుల దగ్గర సమం చేసి, ఎడమకి, మళ్లీ ఎడమకి తిరిగితే తూర్పుకి వెళ్తుంటారు. ఎడమవైపు రన్‌వే, కుడివైపు హుస్సేన్ సాగర్. ఇంకో రెండు ఎడమ మలుపులు తిరిగితే రన్‌వే ఎదురుగా వస్తుంది. మొదట్లో దిగకండి. నేలకి 500 అడుగులు పైన ఉండగానే మళ్లీ ఎక్కి ఇంకో చుట్టు వేయండి. చెయ్యి ఎక్కడ బిగుస్తుందో ఈ చుట్లలో తెలుస్తుంది.

తర్వాతది బేగంపేట నుంచి శంషాబాద్. దాదాపు 13 నాటికల్ మైళ్లు, హెడింగ్ 190 డిగ్రీలు, చిన్న విమానంలో పది నిమిషాల లోపే. ఎడమవైపు చార్మినార్, కుడివైపు గోల్కొండ ఉంటాయి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కింద సాగుతుంటుంది, దాన్ని పట్టుకుని వెళ్తే దారి తప్పరు. ఆ తర్వాత కుడివైపు హిమాయత్ సాగర్. అసలు వాతావరణం ఆన్ చేసి వానాకాలంలో ఎగిరితే గాలి ఎక్కువగా పడమర నుంచి ఉంటుంది, అప్పుడు 27 వైపు రన్‌వేలే పట్టుకోండి.

దిగడం గురించి. చేతికి అత్యంత కష్టమైన అరనిమిషం అదే, కాబట్టి దాన్ని విడిగా సాధన చేయండి. ఎక్స్‌ప్లేన్‌లో రన్‌వేకి 3 నాటికల్ మైళ్ల దూరం నుంచి మొదలుపెట్టే వీలుంది, మిగతా రెండింట్లోనూ ఫైనల్ అప్రోచ్ (రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దారి) నుంచి మొదలుపెట్టవచ్చు. ఫ్లాప్స్ ముందే పూర్తిగా వేసి, 65 నాట్లకి ట్రిమ్ చేసేయండి. ఇక వేగాన్ని ట్రిమ్ చూసుకుంటుంది, మీరు ఎత్తుని థ్రాటిల్‌తో మాత్రమే సరిచేయండి: కిందికి పోతుంటే కొద్దిగా పెంచండి, ఎత్తుగా ఉంటే తగ్గించండి. స్టిక్ పని చివర్లో, నేల దగ్గరకొచ్చాక నెమ్మదిగా వెనక్కి లాగడం ఒక్కటే. అది కూడా కుదరని రోజు ఉంటుంది. ఆ రోజు ఏ320 తీసుకుని శంషాబాద్ ఐఎల్ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో సంకేతం) పట్టించి, అప్రోచ్ బటన్ నొక్కి, రెండు ఆటోపైలట్లూ ఆన్ చేసి దానంతట దాన్నే దించండి.

ఇవి వచ్చాక నేను మళ్లీ మళ్లీ వెళ్లే దారి ఒకటి చెబుతాను. శంషాబాద్ నుంచి ఆగ్నేయంగా నాగార్జున సాగర్. అక్కడ ఆటోపైలట్ తీసేసి, కృష్ణ ఒడ్డున కిందికి దిగి, నది ఎటు తిరిగితే అటు తిరుగుతూ పులిచింతల మీదుగా విజయవాడ. ప్రకాశం బ్యారేజీ దాటాక దాదాపు తూర్పుగా గన్నవరం. నది మలుపులు విశాలంగా ఉంటాయి, ఒక్కో మలుపుకీ చిన్న వంపు చాలు, మణికట్టుకి మంచి వ్యాయామం. సెస్నాలో గంటన్నరకి అటూ ఇటూ పడుతుంది, అందుకని ఒకే కూర్చోవడంలో పూర్తి చేయాలని పట్టుదల వద్దు. అరగంటకోసారి పాజ్ నొక్కి లేవండి. వేళ్లు వాచినా, తిమ్మిరి పట్టినా, ఆపేశాక గంట దాటినా నొప్పి తగ్గకపోయినా మర్నాడు ఎగరొద్దు. పదేపదే అలాగే అవుతుంటే డాక్టర్‌కి చూపించండి.

ఒంటరిగా ఎగరడం విసుగనిపిస్తే వాట్‌సిమ్ ఉంది. సిమ్యులేటర్లో ఎగిరేవాళ్లు ఆన్‌లైన్‌లో కలిసే, 2001 నుంచి నడుస్తున్న ఉచిత నెట్‌వర్క్ ఇది. అవతల కంట్రోలర్లుగా కూర్చునేది స్వచ్ఛందంగా వచ్చిన మనుషులు, భారతదేశానికీ ఒక విభాగం ఉంది. మైక్ బటన్‌ని ఫుట్ స్విచ్‌కి ఇచ్చుకోండి. మాట్లాడటం కష్టమైతే ఫ్లైట్ ప్లాన్ రిమార్కుల్లో టెక్స్ట్ మాత్రమే అని పెట్టి, టైప్ చేసి జవాబివ్వవచ్చు. టైపింగ్ నెమ్మదైతే "రోజర్", "స్టాండ్ బై" లాంటి మాటలని ముందే ఒక్కో కీకి కట్టుకోండి. "స్టాండ్ బై" కీని పాదానికి దగ్గరగా పెట్టుకోండి, మిగతా వాటికంటే అదే ఎక్కువ అవసరమవుతుంది.